మా బడి వేపమానుకు జబ్బు చేసినప్పుడు



ఈసారి వాచకాల గురించి గాని, పరీక్షల గురించి గాని వ్రాయడం లేదు. ఒక చెట్టు గురించి వ్రాస్తున్నాను. చెట్టుకు జబ్బు చేసిందా, చచ్చిపోయిందా, లేక కాలధర్మాన్ని అనుసరించి ఆకు రాల్చిందా అన్నది తేల్చుకోలేక మనం ఎన్నో బడిచెట్లను నరికించివేస్తున్నాము. అలా నరికించిన వారిలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఇది ఉపదేశం కాదు. ఒక తప్పు చేసి, రెండవసారి ఆ తప్పు చేయకుండా ఆగిన ఉపాధ్యాయుని అనుభవం అనుకోండి.

మొదట ఆ తప్పు చెప్పుకొంటాను. చాలా ఏళ్ల క్రితం వేరొక ఊరి బడిలో పనిచేస్తున్నప్పుడు అక్కడి ఆవరణలో ఒక కానుగచెట్టు సగం ఎండింది. "చచ్చిన చెట్టు, పిల్లల మీద పడుతుంది" అన్నారు. నేను దగ్గరకు వెళ్లి చూడకుండానే కాగితం మీద సంతకం చేశాను. కోసిన తరువాత మొద్దు దగ్గరకు వెళ్లి చూస్తే బెరడు క్రింద ఆకుపచ్చని పొర, చుట్టూ తడి. తొలకరి వానలకు ఆ మొద్దు చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వచ్చాయి. ఆ చిగుళ్లను చూసి ఒక పిల్లవాడు "సార్, ఇది బతికే ఉండిందే" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

రెండవ చెట్టు బూదికోటలోనిది. మీలో చాలామందికి ఈ ఊరి పేరు చరిత్ర పాఠం ద్వారా తెలిసి ఉంటుంది. కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలోని ఈ ఊరు హైదర్ అలీ పుట్టినచోటుగా ప్రసిద్ధి. 1760లో బెంగళూరులో లాల్‌బాగ్ తోటకు పునాది వేసినది ఆయనే. అంతటి తోటను తలపెట్టినవాని పుట్టిన ఊరిలో బడికి ఒక్క వేపమాను మిగలడం కూడా కష్టమేనా అని నేను అప్పుడప్పుడు పిల్లలతో హాస్యమాడుతుంటాను. ఏడాది పొడుగునా పారే నది మా జిల్లాలో లేదు. చెరువులు, బోర్లు, వాన, ఈ మూడే ఆధారం. ఇటువంటి నేలలో ఒక చెట్టు మానుగా ఎదగడానికి రెండు తరాలు పడుతుంది. నరకడానికి ఒక పూట చాలు.

కరోనా వల్ల మూతపడిన ప్రాథమిక తరగతులు కర్ణాటకలో 2021 అక్టోబరు 25న తిరిగి తెరిచారు. ఏడాదిన్నరకు పైగా పిల్లల ముఖాలు చూడలేదు. ఆ ఉదయం వారందరూ గేటు దగ్గరే నిలబడి లోపలికి రాకుండా పైకి చూస్తున్నారు. ముంగిటి వేపమాను తల మొత్తం గోధుమరంగుకు తిరిగింది. ఎవరో క్రింద మంట పెట్టి సెగ తగిలించినట్లు రెమ్మల చివరలు మాడి, ఎండుటాకులు రాలకుండా వ్రేలాడుతున్నాయి. ఐదో తరగతి పిల్లవాడొకడు నా చేయి పట్టుకొని "యాపమాను సచ్చిపొయ్యింది సార్" అన్నాడు. వారం తిరగకముందే బడి అభివృద్ధి సమితిలోని పెద్దలూ అదే మాట అన్నారు. ఈసారి నేను సంతకం చేయలేదు. ఉగాది వరకు గడువు అడిగాను. "ఉగాదికి చిగురించకపోతే మీ ఇష్టం" అన్నాను. కానుగ మొద్దు జ్ఞాపకం రాకపోతే ఆ మాట అనే ధైర్యం నాకు వచ్చేది కాదు.

పేరు తెలిస్తేనే చూపు

చెట్టును పరీక్షిద్దామని పిల్లలను చుట్టూ కూర్చోబెట్టాను. అక్కడ మొదటి చిక్కు వచ్చింది. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడంలో చదివేవారు. ఇంట్లో అది "యాపమాను". పరిసర అధ్యయనం పుస్తకంలో "బేవు". నేను చెప్పే తెలుగు వాచకంలో "వేపచెట్టు". మూడూ ఒకటేనని కొందరికి తెలియదు. కానుగ, హొంగె ఒకటేనని, చింత, హుణసె ఒకటేనని చెప్పితే ఒక చిన్నపాప ఆశ్చర్యంగా నోరు తెరిచింది. వాళ్ల అవ్వ చెప్పే చెట్టు పుస్తకంలో కూడా ఉంటుందని ఆ పాప ఊహించలేదు.

అప్పుడు నల్లబల్ల మీద రెండు వరుసలు వ్రాశాను. వేప – బేవు, వేరు – బేరు, వెన్న – బెణ్ణె, వెండి – బెళ్ళి, వేసవి – బేసిగె. తెలుగులో వకారం ఉన్నచోట కన్నడంలో బకారం వస్తుందని పిల్లలే కనిపెట్టారు. చిగురు మాత్రం రెండు భాషల్లోనూ చిగురే. ఆ తరువాత చెట్టు అంగాల పేర్లు అడిగాను. పుస్తకాల్లో వారికి వచ్చినవి నాలుగే: వేరు, కాండం, కొమ్మ, ఆకు. ఇంటినుండి అడిగి రమ్మంటే మరునాడు తెచ్చినవి చూడండి: మొదలు, బోదె, పట్ట, బెరడు, చేవ, తొర్ర, రెమ్మ, ఈనె, తొడిమ, చిటారుకొమ్మ, బంక, బదనిక, మోడు. బెరడు, చేవ అనే రెండు మాటలు తెలియనివానికి చెట్టు ఎక్కడ బ్రతికి ఉంటుందో చూపించడం కష్టం. ఆ మాటలు తెలిసినవానికి చూపించడం సులువు. భాష చెప్పడానికి ఇంతకన్న మంచి సందర్భం నాకు ఇన్నేళ్లలో దొరకలేదు.

గోటితో చేసే పరీక్ష

చెట్టు ప్రాణం దాని నడుమ ఉండదు. బెరడుకు, కట్టెకు మధ్యనున్న పలుచని తడిపొరలో ఉంటుంది. నడుమనున్న చేవ చెట్టును నిలబెట్టే స్తంభం వంటిది, అంతే. తొర్రపడిన చింతమాను ఏటేటా కాయడానికి కారణం ఇదే. దేవనహళ్లి దగ్గర నల్లూరు చింతతోపును 2007లో దేశంలోనే మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి ముసలి మానులను చూస్తే ఈ మాట వెంటనే నమ్ముతారు.

కాబట్టి పరీక్ష సులువు. వ్రేలంత లావున్న రెమ్మ మీద గోటితో బెరడు కొద్దిగా గీకండి. క్రింద ఆకుపచ్చగా, తడిగా ఉంటే ఆ రెమ్మ బ్రతికి ఉన్నది. గోధుమరంగులో పొడిగా ఉంటే చచ్చినది. రెమ్మను మెల్లగా వంచండి. బ్రతికినది వంగుతుంది, చచ్చినది పుటుక్కున విరుగుతుంది. చివర చచ్చినట్లు తేలితే అక్కడితో ఆగవద్దు. జానెడు క్రిందికి వచ్చి మళ్లీ గీకండి, మూరెడు క్రిందికి వచ్చి మళ్లీ గీకండి. పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. నెల తరువాత ఆ గుర్తు దగ్గరకు వెళ్లి చూస్తే జబ్బు క్రిందికి దిగుతున్నదో, ఆగిందో తెలుస్తుంది.

మా పిల్లలు చేతికందిన రెమ్మలన్నిటికీ ఈ పరీక్ష చేశారు. చివరలు జానెడు మేర చచ్చాయి, దాని క్రింద అంతా పచ్చగా ఉన్నది. మొదటిరోజు "సచ్చిపొయ్యింది" అన్న పిల్లవాడే ఈసారి "కొనలు మాత్రమే సార్" అన్నాడు. ఒక పిల్లను బడికి దింపడానికి వచ్చిన అవ్వ ఈ తతంగం చూసి నవ్వి, "పైన ఎండితే మాను బతుకుతాది నాయనా, మొదుట్లో ఎండితేనే కష్టం" అన్నది. నేను పుస్తకాలు వెదికి తెలుసుకొన్న విషయం ఆమె ఒక వాక్యంలో చెప్పింది.

అది ఏ జబ్బు?

దాని పేరు వేప ఎండుతెగులు. కొమ్మలు కొనలనుండి వెనుకకు ఎండుతూ వస్తాయి. కారణమైన శిలీంధ్రానికి ఫోమాప్సిస్ అజాడిరాక్టే అని 1997లో పేరు పెట్టినవారు మన మైసూరు విశ్వవిద్యాలయ పరిశోధకులే. వానాకాలంలో మొదలై చలికాలం వరకు ముదురుతుంది. వానచినుకుల ద్వారా, గాలి ద్వారా, పురుగుల ద్వారా వ్యాపిస్తుంది. గింజల్లో కూడా దాగి ఉంటుంది కాబట్టి జబ్బుచెట్టు గింజలతో నారు పోయకూడదు. జీడిమామిడి రైతులకు బాగా తెలిసిన టీ దోమ కూడా వేప లేతచివుళ్ల రసం పీల్చుతుంది. అది కుట్టినచోట మచ్చపడి చివురు మాడిపోతుంది, ఆ గాయం శిలీంధ్రానికి దారి ఇస్తుంది. 2021లో తెలంగాణ జిల్లాలలో రోడ్ల వెంబడి వేపచెట్లు వేల సంఖ్యలో ఇలాగే ఎండినట్లు కనిపించి జనం కలవరపడ్డారు. ఏదో అరిష్టమన్నవారూ ఉన్నారు. అరిష్టం కాదు, తెగులు. చాలా చెట్లు తరువాతి నెలల్లో మళ్లీ చిగురించాయి.

ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. వేప మాఘ ఫాల్గుణాలలో సహజంగానే ఆకు రాలుస్తుంది. అప్పుడు ఆకు పసుపురంగుకు తిరిగి, తొడిమ ఊడి నేలరాలుతుంది, రెమ్మ మాత్రం పచ్చగానే ఉంటుంది. జబ్బులో ఆకు గోధుమరంగుకు మారి, రాలకుండా రెమ్మకే వ్రేలాడుతుంది. అది కూడా ఆకు రాలవలసిన కాలం కాదు. ఆకు రాల్చడం చెట్టు చేసే పని. ఆకును రాల్చలేకపోవడం అంటే రెమ్మ హఠాత్తుగా చచ్చిందని అర్థం. ఏ చెట్టుకైనా ఈ సూత్రం పనికివస్తుంది.

ఆకు, బెరడు, మొదలు

వేపను పక్కనబెట్టి, మీ బడిలో మరేదైనా చెట్టు ఉన్నా చూడవలసిన గుర్తులు ఇవి. పైనుండి క్రిందికి చెబుతాను.

మొదట దూరంగా నిలబడి చెట్టు గొడుగును చూడండి. నిరుడు ఆకుల సందున కనిపించని ఆకాశం ఈ ఏడు కనిపిస్తున్నదా? చిటారుకొమ్మలు మోడులై నిలిచాయా? ఒకే వైపు ఎండిందా, అన్నివైపులా ఎండిందా? ఒకే వైపు ఎండితే ఆ వైపు వేరుకో, ఆ కొమ్మకో దెబ్బ తగిలి ఉంటుంది. అన్నివైపులా పలుచబడితే నీటికొరతో, వేరుజబ్బో, నేల బిగిసిపోవడమో కారణం కావచ్చు.

తరువాత ఆకు. ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని చాలలేదని అనుమానించాలి. చెట్టు దానిని ముదురాకునుండి తీసి లేతాకుకు పంపగలదు. లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందలేదని అనుమానించాలి. ఇనుమును చెట్టు అలా తరలించలేదు. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో, ఉప్పునీటి బోరు క్రింద ఇది తరచు కనిపిస్తుంది. ఆకు అంచులు మాడితే నీటి ఎద్దడి గాని, ఉప్పు గాని కారణమై ఉంటుంది. అయితే రంగు మారినదల్లా జబ్బు కాదు. మామిడి లేతాకు రాగిరంగులో వ్రేలాడటం దాని స్వభావం. శ్రీనివాసపుర మామిడితోటల పిల్లలకు ఇది చెప్పనక్కరలేదు. ఆకు మీద నల్లని మసి కనిపిస్తే తేనెమంచు పురుగు వచ్చిందని, పూత మీద బూది చల్లినట్లుంటే బూడిద తెగులని వారే మనకు చెబుతారు. మన ఊరి పేరులోని బూదిని తెగులు పేరులో చూసి మా పిల్లలు చాలాసేపు నవ్వారు.

మూడవది బెరడు. జామకు, నీలగిరికి బెరడు పొరలుగా ఊడటం సహజం. వేపకు, చింతకు పలకలుగా ఊడి లోపలి కట్టె కనిపిస్తే జబ్బు. బంక కారినచోట గాయమో పురుగో ఉంటుంది. బెరడులో రంధ్రం, దాని క్రింద రంపపుపొట్టు కనిపిస్తే కాండం తొలిచే పురుగు లోపల ఉన్నది. మామిడికి ఇది ప్రమాదకరమైన శత్రువు. కొమ్మ మీద వేరొక రకం ఆకులతో గుబురు కనిపిస్తే అది బదనిక. ఆ కొమ్మ రసం త్రాగి బ్రతుకుతుంది. పూతకు ముందే ఆ కొమ్మ ముక్కతో సహా తీసివేయాలి. బెరడు మీద తెల్లగా, బూడిదరంగుగా అంటుకొని ఉండే మచ్చలను చూసి మాత్రం భయపడవద్దు. అవి లైకెన్లు, చెట్టును తినవు.

చివరిది, అన్నిటికన్న ముఖ్యమైనది, మొదలు. మొదట్లో నేల పగిలి ఒకవైపు లేచి ఉన్నదా? చెట్టు ఒరుగుతున్నదా? విసనకర్రలాంటి గట్టి పుట్టగొడుగులు మొదటిని అంటుకొని పుట్టాయా? పుట్టి ఉంటే వేరు, మొదలు లోపల క్రుళ్లుతున్నాయని అర్థం. కొబ్బరిచెట్టు మొదట్లో ఎర్రగోధుమరంగు రసం కారితే గానోడెర్మా తెగులును అనుమానించాలి. ఇటువంటి చెట్టు పైకి పచ్చగా కనిపిస్తూనే గాలివానకు కూలిపోవచ్చు. మా అవ్వ అన్న కష్టం ఇదే. ఈ గుర్తులుంటే పిల్లలను దూరంగా ఉంచి, అటవీశాఖవారిని పిలిచి చూపించాలి. చెట్టు మీద ప్రేమ పిల్లల ప్రాణం కన్న ఎక్కువ కాదు.

మేము పెట్టిన జబ్బు

మొదలు చూద్దామని వెళ్లినప్పుడు నాకు రెండవ పాఠం దొరికింది. వేప మొదటి చుట్టూ సిమెంటు కట్ట ఉన్నది. కొన్నేళ్ల క్రితం ఒక దాత ఇచ్చిన డబ్బుతో, పిల్లలు కూర్చొని చదువుకొంటారని, నేనే దగ్గరుండి కట్టించాను. మాను లావయ్యేకొద్దీ కట్ట అంచు బెరడులోకి దిగింది. పైనుండి పడిన వాననీరు లోపలికి ఇంకే దారి లేదు. ఇంకా పైన, బడిగంట వ్రేలాడదీయడానికి పెద్దకొమ్మకు చుట్టిన ఇనుపతీగ కొమ్మలోకి వ్రేలు పట్టేంత లోతుకు దిగి, బెరడు దాని మీద పొర్లి కనిపించకుండా పోయింది. ఆ కొమ్మ ఆకులు మిగిలిన వాటికన్న చిన్నవి, పసుపువి. జబ్బు రాకముందు ఎన్నేళ్లనుండి అలా ఉన్నాయో నేను గమనించలేదు. రోజూ ఆ గంట మ్రోగుతూనే ఉన్నది.

ఆకు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొరగుండా క్రిందికి దిగి వేర్లకు చేరుతుంది. తీగ ఆ దారిని ఉరిత్రాడులా బిగిస్తుంది. వేరుకు తిండి లేక, కొమ్మకు నీరు చాలక మెల్లగా నీరసిస్తుంది. నీరసించినదాన్ని తెగులు ముందు పట్టుకొంటుంది. ఎండుతెగులు మేము తెచ్చినది కాదు. కట్ట, తీగ మాత్రం మేము తెచ్చినవే.

పెద్ద చెట్లకు కూడా మనుషుల రాకపోకలు బరువేనని పిల్లలకు ఒక ఉదాహరణ చెప్పాను. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి సుమారు 700 ఏళ్లదని చెబుతారు. 2017 డిసెంబరులో చెదలు తొలిచిన కొమ్మ విరిగిపడటంతో సందర్శకులను ఆపవలసి వచ్చింది. 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లు, చెదలమందును పలుచన చేసి సీసాలు కట్టి చుక్కచుక్కగా కొమ్మల్లోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకు ఆధారాలు నిలిపారు. చెట్టుకు రోగి మర్యాద ఇచ్చిన ఆ ఫోటోలు చూసి మా పిల్లలు మా వేపకూ సీసా కట్టమన్నారు. అవసరం లేదని, దానికి కావలసినది నేల మాత్రమేనని చెప్పాను.

చేసిన పనులు

సిమెంటు కట్ట పగులగొట్టించాము. దాత చిన్నబుచ్చుకొంటారని భయపడ్డాను. ఆయన వచ్చి చూసి, తీగ దిగిన కొమ్మను తడిమి, ఏమీ అనకుండా గునపం తెప్పించారు. తీగను పైకి కనిపించినంతవరకు కత్తిరించి, లోపల పూడిపోయినదానిని పెరకకుండా వదిలాము. పెరికితే గాయం పెద్దదవుతుంది. గంటకు వేరే కంబం పాతాము. నీరు పోసేది మొదట్లో కాదని, గొడుగు అంచు పడేచోటని పిల్లలకు నేర్పాను. నీరు పీల్చే సన్నవేర్లు ఎక్కువగా అక్కడ, నేలకు మూరెడు లోతులోపే ఉంటాయి. రాలిన ఆకులలో జబ్బు రెమ్మలను ఏరి కాల్చివేసి, మంచి ఆకులను మాత్రం నేలకు దుప్పటిలా పరిచాము.

మందు సంగతి మీరు అడుగుతారు. కార్బెండజిమ్ వంటి శిలీంధ్రనాశినిని, టీ దోమకు పురుగుమందును వాడమని శాస్త్రవేత్తలు సూచించారు. లేతచెట్లకు, నారుమడికి అది సాధ్యం. నలభై అడుగుల మానుకు బడి ఆవరణలో మందు చల్లడం సాధ్యం కాదు, క్షేమమూ కాదు. మేము చల్లలేదు. మీరు చల్లించదలిస్తే వ్యవసాయాధికారి చెప్పిన మోతాదులో, సెలవురోజున, పిల్లలు లేనప్పుడు, పని తెలిసినవారి చేత మాత్రమే చేయించండి. పిల్లల చేతికి మందుసీసా ఇవ్వవద్దు.

ఉగాది

పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టారు. నెలకొకసారి తేదీ, కొమ్మ పేరు, గీకితే కనిపించిన రంగు, కొత్త చిగుళ్ల లెక్క, అంతా తెలుగులో. కొమ్మలకు పేర్లు కూడా వారే పెట్టారు: గంటకొమ్మ, కాకికొమ్మ, రోడ్డుకొమ్మ. డిసెంబరు పుటలో "చిగుళ్లు లేవు" అని ఉన్నది. జనవరి పుటలో ఒక పిల్ల అక్షరాలలో "కాకికొమ్మకు మూడు" అని ఉన్నది. ఆ మూడింటిని చూడటానికి తరగతి అంతా వరుసగా వచ్చింది. ఫిబ్రవరిలో మిగిలిన ముదురాకు పసుపెక్కి, తొడిమ ఊడి రాలింది. ఈసారి ఎవరూ భయపడలేదు.

2022 ఏప్రిల్ 2న ఉగాది. ఆ నాటికి మానుకు లేతాకు నిండింది, క్రిందికొమ్మలకు కొద్దిగా పూత కూడా వచ్చింది. పచ్చడికి పూత కోస్తామన్న పిల్లలతో "ఈ ఏడు దానికే వదిలేద్దాం" అన్నాను. గంటకొమ్మ మాత్రం చిగురించలేదు. బెరడు గీకితే అంతా గోధుమరంగే. దానిని కోయించవలసి వచ్చింది. కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బుకు కొంచెం ఇవతల, ముందు క్రిందినుండి, తరువాత పైనుండి రంపం వేయించాము. అలా చేస్తే బెరడు చీలదు, గాయం తొందరగా పూడుతుంది. కోసిన కొమ్మలో తీగ నల్లని గీతలా కనిపించింది. ఆ ముక్కను తరగతిలో ఉంచాను. ఆ వానాకాలం తెగులు మళ్లీ వచ్చింది, మునుపటి కన్న తక్కువగా. చెట్టు ఇప్పుడూ ఉన్నది, ఒకవైపు గొడుగు లేకుండా.

మిత్రులారా, మనం తెలుగు చెప్పేవాళ్లం, ఈ వృక్షవైద్యం మనకెందుకని మీలో ఎవరైనా అనుకోవచ్చు. నా జవాబు ఇది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సదుపాయం కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. అది కాగితం మీద ఉన్నది, మంచిదే. కాని మా ఊళ్లలో భాష కూడా వేప ఎండుతెగులు లాగే కొనలనుండి ఎండుతున్నది. అవ్వ తెలుగులో కథ చెబుతుంది, తల్లి తెలుగులో జోల పాడుతుంది, మనవడికి తెలుగులో తన పేరు వ్రాయడం రాదు. కొనలను చూసి "చచ్చిపోయింది, మూసివేయండి" అనడం సులువు. ఆ రోజు చెట్టు పేర్లు అడిగినప్పుడు మా పిల్లలు తెచ్చిన బెరడు, చేవ, బదనిక, తొర్ర అన్న మాటలు విన్నప్పుడు నాకు గోటి క్రింద పచ్చదనం కనిపించింది. దానికి నీరు పోయడమే మన పని. అలాగే, భాష చుట్టూ మనం కట్టిన సిమెంటు కట్టలేవో కూడా వెదుక్కోవాలి. ఇంటి మాట పలికితే తప్పని దిద్దిన రోజులు నాకూ ఉన్నాయి. "యాప" అన్న పిల్లవాణ్ణి ముందు "వేప" అనమని గద్దించి ఉంటే, వాడు నాకు ఆ చెట్టు గురించి ఏమీ చెప్పి ఉండేవాడు కాదు.

చివరిగా ఒక విన్నపం. మీ బడిలో చెట్టు ఉంటే ఈ వారం పిల్లలతో దాని చుట్టూ ఒకసారి తిరగండి. మేకులు, తీగలు, సిమెంటు కనిపిస్తే లెక్క వ్రాయించండి. చెట్టు అంగాల పేర్లు ఇంట్లో అడిగి రమ్మనండి. తల్లిదండ్రులారా, పిల్లలు అడిగినప్పుడు మీ నోటికి వచ్చిన మాటే చెప్పండి. పుస్తకంలో మాట వెదకవద్దు. ఎవరైనా "ఈ చెట్టు చచ్చింది, నరికించండి" అంటే, కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం సాధారణంగా అనుమతి తీసికోవాలని గుర్తుచేయండి. ఆ అనుమతికి సంతకం చేసే ముందు మాత్రం లేచి వెళ్లి, గోటితో ఒకసారి గీకి చూడండి.